ఎక్స్‌పోర్ట్ చేసిన ఆడియో పాడైపోయి వస్తోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఎడిటర్‌లో ప్లే చేస్తే అంతా శుభ్రంగా వినిపిస్తుంది, ఎక్స్‌పోర్ట్ కొట్టి బయటికొచ్చిన ఫైల్ వింటే మాత్రం మధ్యమధ్యలో టిక్కు టిక్కుమంటుంది, లేదా గరగరమంటుంది, లేదా గంట రికార్డింగ్ కాస్తా 12 నిమిషాలకే ఆగిపోతుంది, కొన్నిసార్లయితే అసలు ఓపెనే అవ్వదు. ఇలా జరగ్గానే చాలామంది చేసే మొదటి పని సాఫ్ట్‌వేర్ పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. దాన్ని అన్నిటికన్నా చివరికి పెట్టుకోండి. ఎక్స్‌పోర్ట్ పాడవడానికి ఇన్‌స్టలేషన్ కారణమవ్వడం చాలా అరుదు, పైగా ఆ పని చేస్తే ప్రిఫరెన్సులు, ప్లగిన్ (ఎడిటర్‌కి అదనంగా తగిలించే ఎఫెక్ట్, వాయిద్యం లాంటివి) సెట్టింగులు పోవచ్చు, అప్పుడు దానికోసం ఇంకో పూట కూర్చోవాలి.

ముందు చేయాల్సింది ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేయడం. నిజంగా అంతే. ప్రాజెక్ట్‌లో ఏమీ ముట్టుకోకుండా, వేరే పేరుతో, మామూలు 16 బిట్ లేదా 24 బిట్ వేవ్ (.wav) ఫార్మాట్‌లో, కంప్యూటర్ లోపలి డ్రైవ్ మీదకే చేయండి, పెన్‌డ్రైవ్ మీదకి వద్దు, క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్ లోకి అసలు వద్దు. ఇలా ఇంకోటి కూడా చేసి, ఈ రెండు వేవ్‌లనూ వినండి. తప్పు రెండింట్లోనూ సరిగ్గా అదే సెకండ్ దగ్గర వస్తోందంటే సమస్య ప్రాజెక్ట్‌లో ఉంది, అంటే ఏదో ఒక ప్లగినో, క్లిప్పో (ట్రాక్ మీద పెట్టిన ఆడియో ముక్క). ఒకదాంట్లో ఒకచోట, ఇంకోదాంట్లో ఇంకోచోట వస్తోందంటే ప్రాజెక్ట్‌ని ప్రస్తుతానికి వదిలేయండి, ముందు మెషిన్ వైపు చూడండి. వేవ్‌లు బాగానే ఉండి ఎంపీ3 మాత్రమే పాడవుతోందంటే ఎన్‌కోడింగ్ దగ్గర గొడవ. ఇక్కడ అన్నీ బాగుండి ఫోన్‌లోనో ఇంకో కంప్యూటర్‌లోనో పాడైతే కాపీ అవ్వడంలోనో, ఆ ప్లేయర్‌లోనో ఉంది. ఈ ఒక్క విషయం తేల్చుకోకుండా సెట్టింగులు కెలుకుతూ కూర్చుంటే రాత్రి గడిచిపోతుంది గానీ పని అవ్వదు.

గంట ఫైల్‌ని రెండుసార్లు చెవితో పోల్చడం కష్టం కదా, దానికి నల్ టెస్ట్ ఉంది. కొత్త ప్రాజెక్ట్ తెరిచి మొదటి ఎక్స్‌పోర్ట్‌ని ఒక ట్రాక్ మీద, రెండోదాన్ని ఇంకో ట్రాక్ మీద పెట్టి, రెండూ సరిగ్గా సున్నా దగ్గరే మొదలయ్యేలా చూసుకుని, ఒకదాన్ని ఇన్వర్ట్ చేయండి (ఆడాసిటీలో ఎఫెక్ట్ మెనూలో ఉంటుంది, మిగతా వాటిలో ఫేజ్ లేదా పొలారిటీ అనే బటన్ కింద దొరుకుతుంది). తర్వాత రెండు ట్రాకులనూ కలిపి ఒకే ట్రాక్‌గా మిక్స్ చేయండి. రెండు ఫైళ్ళూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది, తేడా ఉన్నచోట మాత్రమే వేవ్‌ఫామ్ మీద గీత లేస్తుంది, సరిగ్గా ఆ నిమిషానికి వెళ్ళి వినొచ్చు. కాకపోతే కోరస్, కొన్ని రివర్బులు, పాత అనలాగ్ గేర్‌ని అనుకరించే ప్లగిన్లు ప్రతిసారీ కొంచెం వేరుగా పలుకుతాయి కాబట్టి అవి ఉంటే పూర్తి నిశ్శబ్దం రాదు, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కావాలని కలిపే సన్నటి శబ్దం) ఆన్‌లో ఉన్నా సన్నటి హిస్ మిగులుతుంది, దానికి భయపడొద్దు. మీరు వెతికేది ఉన్నట్టుండి లేచే పెద్ద ముల్లు. ఇంకోమాట, ఈ టెస్ట్ వేవ్‌కీ వేవ్‌కీ మధ్యే చేయండి, ఎంపీ3తో చేస్తే ఎప్పటికీ కుదరదు, ఎందుకంటే ఎంపీ3 ఎన్‌కోడర్ మొదట్లో కాస్త ఖాళీ చేరుస్తుంది, శబ్దాన్నీ మారుస్తుంది.

ప్రతిసారీ అదే చోట పాడవుతుంటే

ఆ చోటుకి అటూ ఇటూ పది సెకన్లు సెలెక్ట్ చేసి అంతవరకే ఎక్స్‌పోర్ట్ చేస్తూ పోండి, మొత్తం పాటని ప్రతిసారీ రెండర్ (అంటే ఎక్స్‌పోర్ట్) చేయాల్సిన పనిలేదు. మొదట ప్లగిన్లన్నీ బైపాస్ చేసి (తీసేయకుండా, పనిచేయకుండా ఆపి) చూడండి. తప్పు పోయిందా, అయితే సగం ప్లగిన్లు ఆన్ చేయండి, మళ్ళీ చూడండి, ఏ సగంలో ఉందో తెలిసాక దాన్ని మళ్ళీ సగం చేయండి. ముప్ఫై ప్లగిన్లున్నా ఐదు రౌండ్లలో దొంగ దొరికిపోతాడు. ఒక్కొక్కటే తీసుకుంటూ పోయేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

దొరికిన ప్లగిన్ ఎందుకలా చేస్తోందంటే, ఎక్కువసార్లు కారణం ఆఫ్‌లైన్ రెండరింగ్. మీరు ప్లే చేసేటప్పుడు ఆడియో నిజమైన వేగంతో నడుస్తుంది, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రాసెసర్ ఎంత లాగగలిగితే అంత వేగంగా తోసేస్తుంది, కొన్ని ప్లగిన్లకి ఆ వేగం పడదు. డిస్క్ మీదనుంచి శాంపిళ్ళు (ముందే రికార్డ్ చేసిన నోట్లు) చదువుకునే ఇన్‌స్ట్రుమెంట్లు ముఖ్యంగా, శాంపిల్ లోడయ్యేలోపే టైమ్ దాటిపోయి ఆ నోట్ మింగేస్తాయి. అప్పుడు రియల్‌టైమ్‌లో రెండర్ చేయండి. రీపర్‌లో రెండర్ విండోలోనే ఫుల్ స్పీడ్ ఆఫ్‌లైన్, 1ఎక్స్ ఆఫ్‌లైన్, ఆన్‌లైన్ రెండర్ అని వరసగా ఉంటాయి, లాజిక్‌లో బౌన్స్ (ఇదీ ఎక్స్‌పోర్టే) విండోలో రియల్‌టైమ్, ఆఫ్‌లైన్ అని ఉంటుంది, ప్రో టూల్స్‌లో ఆఫ్‌లైన్ టిక్కు తీసేస్తే సరిపోతుంది. లేకపోతే ఆ ఒక్క ట్రాక్‌ని ఫ్రీజ్ చేసో (ప్లగిన్ల ఫలితాన్ని తాత్కాలికంగా ఆడియోగా నిలిపేసో), ఆడియోగా మార్చేసో అప్పుడు మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. నా ఓటు దీనికే, ఎందుకంటే ఒకసారి ఆడియో అయిపోయాక వినొచ్చు, కళ్ళతో చూడొచ్చు, ఇక ప్లగిన్ మూడ్‌తో పని లేదు.

ట్రయల్ ప్లగిన్ ఏదైనా మర్చిపోయి ఉంచేశారేమో కూడా చూడండి, కొన్ని ట్రయల్ వెర్షన్లు కావాలనే మధ్యమధ్యలో సైలెన్సో నాయిసో పెడతాయి. దాన్ని ఫైల్ కరప్షన్ అనుకుని హార్డ్ డిస్క్ మార్చేద్దామనుకునేవాళ్ళు ఉంటారు.

ప్లగిన్లన్నీ బైపాస్ చేసినా తప్పు అలాగే ఉంటే అది క్లిప్‌లో ఉన్నట్టు. ఆ క్లిప్ అసలు ఫైల్ ఎక్కడుందో చూడండి, ఫోల్డర్ పేరు మార్చారా, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పీకేశారా, అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ చోట నిశ్శబ్దం పెట్టి ఎక్స్‌పోర్ట్ పూర్తయిందని చెప్పేస్తుంది. రెండు క్లిప్పుల అతుకు దగ్గర టిక్కుమంటే అది వేవ్‌ఫామ్ సున్నా గీత దగ్గర కాకుండా పైనో కిందో తెగడం వల్ల వచ్చేది, 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ వేస్తే పోతుంది. ఇది ఎడిటర్‌లో కూడా వినిపిస్తూనే ఉంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

గట్టిగా ఉన్నచోట్ల మాత్రమే చిరిగినట్టు వినిపిస్తే అది క్లిప్పింగ్. చాలా ఎడిటర్లు లోపల 32 బిట్ ఫ్లోట్‌లో పనిచేస్తాయి, అక్కడ సిగ్నల్ 0 డెసిబెల్ దాటినా సమాచారం పోదు, 16 బిట్‌కో 24 బిట్‌కో ఎక్స్‌పోర్ట్ చేయగానే ఆ పైన ఉన్నదంతా తెగిపోతుంది. తెగిపోయిన ఫైల్‌ని తర్వాత తగ్గించినా ఉపయోగం లేదు, తెగిన తల అలాగే ఉంటుంది, మాస్టర్ ఫేడర్ తగ్గించి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయాల్సిందే.

చివర్లో రివర్బ్ తోక (పాట ఆగాక మిగిలే ప్రతిధ్వని) తెగిపోవడం, మధ్యలో ఒక వాయిద్యం మాయమవడం ఇవి కరప్షన్ కాదు, ఎక్స్‌పోర్ట్ రేంజ్ తప్పు సెలెక్ట్ అయ్యుంటుంది, లేదా ఏదో ట్రాక్ మ్యూట్‌లో ఉంటుంది, లేదా ఇంకోటి సోలోలో మర్చిపోయుంటారు. ఎఫ్ఎల్ స్టూడియోలో అయితే టెయిల్ దగ్గర కట్ రిమెయిండర్ (Cut remainder) అని ఉంటే లీవ్ రిమెయిండర్‌కి మార్చండి.

ప్రతిసారీ వేరే చోట పాడవుతుంటే

ఇది సాధారణంగా ప్రాజెక్ట్ తప్పు కాదు, కాబట్టి ముందే ప్లగిన్లు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ముందు మీరు రియల్‌టైమ్‌లో బౌన్స్ చేస్తున్నారా ఆఫ్‌లైన్‌లోనా చూడండి, రియల్‌టైమ్ అయితే ప్రాసెసర్ అందుకోలేక ఆడియో జారిపోతూ ఉండొచ్చు, ఆడియో సెట్టింగుల్లో బఫర్ సైజ్ 1024కి పెంచండి, బ్రౌజర్ మూసేయండి, లేదా ఆఫ్‌లైన్‌కి మారండి. అవును, పైన రియల్‌టైమ్‌కి మారమన్నాను, ఇక్కడ ఆఫ్‌లైన్‌కి మారమంటున్నాను, రోగం వేరు మందు వేరు. ఆఫ్‌లైన్‌లో ప్రాసెసర్ చాలకపోతే ఎక్స్‌పోర్ట్ నెమ్మదిగా అవుతుంది అంతే, మామూలుగా క్లిక్కులు రావు.

తర్వాత డిస్క్. ఖాళీ ఎంతుందో చూడండి, మీరు సేవ్ చేసే డ్రైవ్ ఒక్కటే కాదు, టెంపరరీ ఫైళ్ళు పడే సిస్టమ్ డ్రైవ్ కూడా, చాలా సాఫ్ట్‌వేర్లు ముందు అక్కడ రాసి తర్వాత ఇక్కడికి తెస్తాయి. క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లోకి నేరుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే సగం రాసిన ఫైల్‌ని సింక్ ప్రోగ్రాం పట్టుకుని అప్‌లోడ్ మొదలుపెట్టేస్తుంది, అవతల డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళకి సగం ముక్కే వెళ్ళొచ్చు. విండోస్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉంటే డాక్యుమెంట్స్, మ్యూజిక్ లాంటి ఫోల్డర్లలోకి మీ ఎడిటర్‌ని రాయనివ్వకపోవచ్చు, దాన్ని అనుమతించిన యాప్‌ల లిస్ట్‌లో చేర్చండి. ల్యాప్‌టాప్ ఎక్స్‌పోర్ట్ మధ్యలో స్లీప్‌కి వెళ్ళకుండా పవర్ సెట్టింగ్ మార్చండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఆఫ్‌లైన్ ఎక్స్‌పోర్ట్‌లో చోటు మార్చుకుంటూ క్లిక్కులు వస్తుంటే ర్యామ్‌ని అనుమానించండి. విండోస్‌లో మెమరీ డయాగ్నోస్టిక్ టూల్ దానితోనే వస్తుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఓవర్‌క్లాక్ చేసుంటే మామూలు స్పీడ్‌కి తెచ్చి మళ్ళీ చూడండి. డిస్క్ ఆరోగ్యం అది తనే రాసుకునే స్మార్ట్ (S.M.A.R.T.) రిపోర్ట్‌లో తెలుస్తుంది, అందులో వార్నింగ్ ఉంటే ఇక ఎక్స్‌పోర్ట్ సంగతి తర్వాత, ముందు బ్యాకప్ తీసుకోండి.

పెద్ద ఫైల్ సగంలో ఆగిపోతే

వేవ్ ఫైల్ హెడర్‌లో (ఫైల్ మొదట్లో దాని వివరాలు రాసే భాగం) సైజ్ రాసే గడి 32 బిట్‌లదే, అందులో 4 జీబీకి మించిన సంఖ్య పట్టదు. కొన్ని ప్రోగ్రాంలు ఆ గడిని ఇంకోలా చదివి 2 జీబీ దగ్గరే ఆగిపోతాయి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ, 4 జీబీ నిండటానికి ఆరున్నర గంటలకి పైనే పడుతుంది కాబట్టి మామూలుగా ఎవరికీ తగలదు. అదే 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ అయితే నాలుగు గంటల చిల్లర, 96 కిలోహెర్ట్జ్ 32 బిట్ ఫ్లోట్ అయితే గంటన్నరకే నిండిపోతుంది. మీ ఫైల్ సరిగ్గా ఈ సైజుల దగ్గర చస్తోందంటే ఇంకేమీ వెతకక్కర్లేదు, ఆర్ఎఫ్64 లేదా వేవ్64 ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆపిల్ వైపు అయితే సీఏఎఫ్ ఉంది. లేదా ముక్కలుగా చేయండి.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడు కూడా ఇదే 4 జీబీ గోడ ఉంటుంది, కానీ కారణం వేరు, ఆ డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయ్యుంటుంది. అక్కడ వేవ్64 పెట్టినా లాభం లేదు, డ్రైవ్‌నే ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చాలి, మార్చేముందు దాంట్లో ఉన్నవి బయటికి తీసుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి.

కరెంటు పోయి, లేదా క్రాష్ అయి, తెరుచుకోని వేవ్‌ని బతికించడం

ప్రాజెక్ట్ ఉంటే మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఈ తిప్పలెందుకు. ప్రాజెక్ట్ లేక ఆ ఫైల్ ఒక్కటే మిగిలినప్పుడు మాత్రం ఇది పనికొస్తుంది. చాలా ప్రోగ్రాంలు వేవ్ రాసేటప్పుడు హెడర్‌లో సైజ్ చివర్లో నింపుతాయి, మధ్యలో చచ్చిపోతే ఆ గడి సున్నాగా ఉండిపోతుంది, అందుకే ఫైల్ 300 ఎంబీ ఉన్నా ప్లేయర్ మాత్రం నిడివి 0 సెకన్లు అంటుంది. అంటే పైన చీటీ మాత్రమే తప్పు, లోపల సరుకు ఉంది.

ముందు ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసి కాపీ మీదే పనిచేయండి. ఆడాసిటీలో ఫైల్ మెనూ, ఇంపోర్ట్, రా డేటా. వచ్చే విండోలో సైన్డ్ 16 బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, స్టీరియో, శాంపిల్ రేట్ 44100, స్టార్ట్ ఆఫ్‌సెట్ 44 బైట్లు అని పెట్టి ఇంపోర్ట్ కొట్టండి. 44 ఎందుకంటే మామూలు వేవ్ హెడర్ అంతే ఉంటుంది. హెడర్ ఇంకా పెద్దదైతే మొదట్లో చిన్న టప్‌మని శబ్దం వస్తుంది, దాన్ని కోసేయండి. మొత్తం హోరుగా ఉంటే బిట్ డెప్త్ తప్పు, 24 బిట్ పెట్టి చూడండి, అదీ కాకపోతే 32 బిట్ ఫ్లోట్. 24 బిట్‌లో ఒక్కో శాంపిల్ (ఇక్కడ శబ్దపు ఒక్కో కొలత) 3 బైట్లు కాబట్టి ఆఫ్‌సెట్ ఒక్క బైట్ జరిగినా అంతా హోరే, అందుకే 44కి ఒకటి, రెండు కలిపి కూడా చూడండి. పాట వినిపిస్తోంది గానీ ఉడతలా కీచుగానో, నిద్రమత్తులోనో ఉందంటే శాంపిల్ రేట్ లేదా స్టీరియో, మోనో తప్పుగా ఇచ్చారు. సరైనది దొరికాక మామూలు వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

ఎన్ని కాంబినేషన్లు పెట్టినా పూర్తి నిశ్శబ్దమే వస్తే ఫైల్‌ని హెక్స్ వ్యూయర్‌లో (ఫైల్‌ని బైట్ల వారీగా చూపించే ప్రోగ్రాం) తెరవండి. మంచి వేవ్ మొదట్లో రిఫ్ (RIFF) అని, మొదటి ఎనిమిది బైట్ల తర్వాత వేవ్ (WAVE) అని ఇంగ్లీష్ అక్షరాలు కనిపిస్తాయి. మొదటినుంచి చివరిదాకా సున్నాలే ఉంటే డిస్క్ మీద చోటు కేటాయించారు గానీ డేటా రాయలేదని అర్థం, దాంట్లోంచి ఎవరూ ఏమీ తీయలేరు, డబ్బులడిగే రికవరీ సాఫ్ట్‌వేర్ జోలికి కూడా పోవద్దు.

ఎం4ఏ ఫైల్ అయితే ఈ పద్ధతి పనిచేయదు. దాని సూచిక అంతా మూవ్ అనే భాగంలో ఉంటుంది, సాధారణంగా అది చివర్లో రాస్తారు, అది పడకముందే ఆగిపోతే ఏ బైట్ ఏమిటో చెప్పేవాడు ఉండడు. అదే సెట్టింగులతో తీసిన ఇంకో మంచి ఫైల్ ఉంటే దాన్ని చూసి రిపేర్ చేసే టూల్స్ ఉన్నాయి గానీ గ్యారంటీ లేదు.

ఎంపీ3 మాత్రమే పాడైతే

వేవ్ బాగుందని ముందే తేల్చారు కాబట్టి ఆ వేవ్‌నుంచే, ఎడిటర్ బయట, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనో ఇంకో కన్వర్టర్‌తోనో ఎంపీ3 చేసుకోండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. అసలు నేను ఎడిటర్ నుంచి నేరుగా ఎంపీ3 తీయొద్దనే చెప్తాను, వేవ్ ఒక్కసారి సరిగ్గా తీసి పెట్టుకుంటే దాంట్లోంచి ఎన్నైనా చేసుకోవచ్చు.

నిడివి తప్పు చూపించడం, ముందుకు జరిపితే ఎక్కడికో వెళ్ళడం ఉంటే అది వీబీఆర్ (బిట్‌రేట్ మారుతూ ఉండే) ఎంపీ3లో దానికి సంబంధించిన హెడర్ లేకపోవడం, సీబీఆర్‌లో (బిట్‌రేట్ మారకుండా) చేస్తే పోతుంది. శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్ దాటి ఎంపీ3లో పట్టదు, 96లో ఉన్న ప్రాజెక్ట్‌ని తగ్గించి పంపండి. వేవ్‌లో లేని చిరుగుడు ఎంపీ3లో వస్తే పీక్ 0కి మరీ దగ్గరగా ఉన్నట్టు, కంప్రెషన్‌లో శిఖరాలు కాస్త పైకి లేస్తాయి, అందుకని మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి. లూప్‌లా తిప్పితే చిన్న గ్యాప్ వస్తోందా, అది ఎంపీ3 స్వభావం, లూప్‌లకి వేవ్ వాడుకోండి.

నా దగ్గర బాగుంది, వాళ్ళ దగ్గర పాడైంది

ముందు 32 బిట్ ఫ్లోట్ పంపారేమో చూడండి, చాలా ఫోన్లు, కార్ ప్లేయర్లు దాన్ని ప్లే చేయవు, కొన్ని హోరు పెడతాయి. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైల్ తెరిస్తే బిట్ డెప్త్, శాంపిల్ రేట్, ఛానెళ్ళు అన్నీ చెప్పేస్తుంది. 16 బిట్ 44.1కి మార్చి పంపితే ఎక్కడైనా ఆడుతుంది.

పాట కొంచెం వేగంగా, పిచ్ ఒకటిన్నర స్వరస్థానం పైకి వెళ్ళి వినిపిస్తే 44.1 ఫైల్‌ని ఎవరో 48 అనుకుని ప్లే చేస్తున్నారు, ఎక్కువగా వీడియో ప్రాజెక్ట్‌లో పెట్టినప్పుడు జరుగుతుంది. శాంపిల్ రేట్ పేరు మార్చడం వేరు, రీశాంపుల్ చేయడం వేరు, మీకు కావాల్సింది రెండోది. ఫోన్ స్పీకర్‌లో గొంతు మాయమైపోతే ఎడమ, కుడి ఛానెళ్ళు ఒకదానికొకటి తిరగబడి ఉన్నాయి, మోనోలో కలిసినప్పుడు కొట్టేసుకుంటున్నాయి, ఒక ఛానెల్‌ని ఇన్వర్ట్ చేస్తే తిరిగొస్తుంది.

ఫైల్ కాపీలో పాడైందా అన్నది తేల్చడానికి రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్ మొత్తాన్నీ లెక్కగట్టి ఇచ్చే వేలిముద్ర లాంటి కోడ్) తీసి పోల్చండి, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైల్ మారినట్టే. మెసేజింగ్ యాప్‌లో పంపాల్సొస్తే ఆడియోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేదా జిప్ చేయండి. ఫ్లాక్ ఫార్మాట్‌లో అయితే ఎన్‌కోడర్ మామూలుగా ఫైల్ లోపలే అసలు ఆడియో చెక్‌సమ్ రాసిపెడుతుంది, టెస్ట్ చేస్తే పాడైందో లేదో తనే చెప్తుంది, దూరం పంపేవాటికి అందుకే అది మేలు.

ఏం చేసినా ఎక్స్‌పోర్ట్ అవ్వకపోతే

ప్రాజెక్ట్ ఫైలే దెబ్బతిని ఉండొచ్చు. దాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, కొత్త ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి ట్రాకులు కొన్ని కొన్నిగా కాపీ చేసుకుంటూ మధ్యమధ్యలో చిన్న ఎక్స్‌పోర్ట్ తీసి చూడండి, ఎక్కడ విరిగితే ఆ ట్రాకే. ఆడాసిటీ 3.0 నుంచి, అంటే 2021 నుంచి, ప్రాజెక్ట్ మొత్తం ఒకే ఫైల్‌లో ఉంటుంది, క్రాష్ అయ్యాక దాని పక్కన అదే పేరుతో, చివర వాల్ అని ఉన్న ఇంకో ఫైల్ కనిపిస్తే డిలీట్ చేయకండి, చివరి మార్పులు అందులో ఉండొచ్చు, రెండూ కలిపే కాపీ చేసి తెరవండి. అదీ కుదరకపోతే ట్రాకులు విడివిడిగా స్టెమ్‌లుగా, అంటే ఒక్కోటి ఒక్కో ఆడియో ఫైల్‌గా తీయండి, తీయలేని ఒకటి రెండింటిని ప్లే చేస్తూ సిస్టమ్ ఆడియోని ఇంకో ప్రోగ్రాంలో రికార్డ్ చేసుకుని, అన్నీ కొత్త ప్రాజెక్ట్‌లో వరస పెట్టి అక్కడినుంచి ఎక్స్‌పోర్ట్ చేసేయండి.